జానెడు నరం

నా కుడి తొడ మొదట్లో, గజ్జల కింద, ఒక జానెడు మేర నరం నాది కాదు. డాక్టర్లు దాన్ని రక్తనాళం అంటారు. మేము హార్బరు పనివాళ్ళం, మాకు ఒంట్లో పొడుగ్గా సాగేదల్లా నరమే. దాన్ని ఇచ్చినతను నాకు చుట్టం కాదు, ఊరివాడూ కాదు. ఇచ్చేనాటికి మా పరిచయం మూడు రోజులు.

డెబ్బైల్లో నేను గోదావరి జిల్లా నుంచి పని వెతుక్కుంటూ విశాఖపట్నం వచ్చి, ఓడల్లో సరుకు ఎగుమతి దిగుమతులు చేయించే ఒక ప్రైవేటు కంట్రాక్టరు దగ్గర సిగ్నల్ మేన్‌గా చేరాను. ఓడలో సరుకు నింపే గొయ్యి అంచున నిలబడి, పైన క్రేనులో కూర్చున్నవాడికి చేతులతో చెప్పడం నా పని. గొయ్యిలో ఏముందో అతనికి కనిపించదు. అరిచి చెబుదామంటే ఆ రొదలో వినపడదు. చూపుడు వేలు పైకెత్తి గిరగిరా తిప్పితే హబీస్, అంటే ఎత్తమని. అరచేయి కిందికి ఊపితే ఆరియా, దింపమని. పిడికిలి బిగిస్తే ఉన్నచోట ఆగిపోవాలి. నా పిడికిలి చూసి కూడా ఆగని క్రేను డ్రైవర్ని నేను అమ్మనాబూతులు తిట్టేవాణ్ణి. పదేళ్ళు ఎండలో అలా నిలబడితే నాకు మిగిలినవి ముక్కు మీద కోపమూ, రెండు పిక్కల మీదా వానపాముల్లా ఉబ్బిన నరాలూ.

ఎనభైల మొదట్లో ఒక పొద్దున వైరు రోప్పు తెగి దాని కొస వచ్చి తొడ మీద కొట్టింది. తప్పు ఎవరిదంటే నాదే. వెనక ఎవరో పిలిచినట్టయితే తల తిప్పాను. పట్టుమని రెండు క్షణాలు కూడా కాదు.

ఆసుపత్రిలో నెత్తురు ఆపి, తెగిపోయిన నరం ముక్క తీసేసి, దాని స్థానంలో గుడ్డ గొట్టం కుట్టారు. మామూలుగా అయితే మన కాళ్ళలోంచే ఇంకో నరం తీసి అతుకుతారట. నావి ఉబ్బి పాడైపోయాయి కాబట్టి అక్కరకు రాలేదు. "అది ఏం గుడ్డండీ?" అని అడిగాను. "టెరిలిన్ చొక్కాలు వేసుకుంటారు చూడండి, ఆ జాతే," అన్నారు డాక్టరుగారు. నా పెళ్ళికి కుట్టించుకున్నది టెరిలిన్ చొక్కానే. అది చిరగలేదు, వెలిసిపోలేదు, ఊళ్ళో మా తమ్ముడు ఇంకా వేసుకు తిరుగుతున్నాడు. అందుకని గుండె మీద చెయ్యేసుకుని పడుకున్నాను.

మూడో వారంలో జ్వరం వచ్చింది. కుట్ల దగ్గర ఎర్రబడి, ఉబ్బి, చీము కారడం మొదలైంది. ఆ వాసన నాకే భరించరానిదిగా ఉండేది. మా ఆవిడ మాత్రం ముక్కు మీద చెంగు వేసుకోకుండా పక్కనే కూర్చునేది, అందుకు కూడా నాకు కోపం వచ్చేది. డాక్టరుగారు కట్టు విప్పి చూసి మళ్ళీ కట్టేశారు. తర్వాత చెప్పారు: "ప్రాణమున్న కండ అయితే క్రిములతో కొట్లాడుతుంది. గుడ్డ కొట్లాడలేదు. దాని మడతల్లో అవి కాపురం పెట్టేశాయి."

ఆ మర్నాడు కట్టు మీద ఎర్రటి చుక్క కనిపించింది. పెరిగి పెరిగి రూపాయి బిళ్ళంత అయి ఆగిపోయింది. ఆగిపోయింది కదా అని నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. డాక్టరుగారి మొహంలో మాత్రం రంగు పోయింది. ఈ చిన్న నెత్తురు కబురు మాత్రమేననీ, దీని వెనక రాబోయేది వస్తే మనిషి మిగలడానికి నాలుగైదు నిమిషాలే ఉంటుందనీ మా ఆవిణ్ణి పక్కకి పిలిచి చెప్పారు. వరండా తలుపు తీసే ఉంది. నాకు అంతా వినపడింది.

అప్పటి నుంచి నేను ఆ మంచానికి బందీని. వెల్లకిలా తప్ప పడుకోకూడదు. మోకాలు మడవకూడదు. దగ్గకూడదు. తుమ్ము వస్తే ముక్కు నలిపేసుకునేవాణ్ణి. తొడ చుట్టూ ఒక రబ్బరు గొట్టం వదులుగా కట్టి ఉంచారు, నెత్తురు చిమ్మితే బిగించడానికి. ఆ బిగించేవాళ్ళు వచ్చేదాకా మా ఆవిడ తన పిడికిలితో గజ్జల మీద బలం కొద్దీ నొక్కి పట్టాలి. ఎక్కడ నొక్కాలో నర్సు ఆమెకి రెండుసార్లు నేర్పింది. పాపం, కునుకు తీసినప్పుడు కూడా ఆమె కుడి చెయ్యి ఒళ్ళో పిడికిలి బిగించే ఉండేది. పదేళ్ళు నేను జనానికి చూపించిన ఆగు సైగ అది. ఇప్పుడు దాన్ని ఆమె నా కోసం పట్టుకుని కూర్చుంది. కిటికీలోంచి ఆకాశం ముక్క తప్ప ఏమీ కనపడేది కాదు. హార్బరులో ఓడ కూత పెడితే లోపలికి వస్తోందో, బయటికి పోతోందో చెప్పగలిగేవాణ్ణి. బయటికి పోయే ప్రతి ఓడ మీదా నాకు అసూయగా ఉండేది.

దారులు రెండే అన్నారు డాక్టరుగారు. ఒకటి, గుడ్డ తీసేసి నరం రెండు కొసలూ కట్టేయడం. అలా చేస్తే కాలికి నెత్తురు అందదు, తుంటి దాకా తీసేయాలి. చీము పట్టిన చోట అంత పైకి కోస్తే బతుకుతానన్న భరోసా కూడా లేదు. రెండోది ఆయన కాస్త సంకోచంగా చెప్పారు. ఈ గుడ్డ గొట్టాలు రాకముందు ఆయన గురువుల కాలంలో వేరే మనిషి నరం తెచ్చి అతికేవారట. మనిషి కండ కాబట్టి చీము ఉన్నచోట కూడా గుడ్డకన్నా మెరుగ్గా తట్టుకుంటుంది. "ఎన్నాళ్ళు నిలుస్తుందో నేను హామీ ఇవ్వను. అసలు ఎక్కడి నుంచి తేవాలి, అది కదా సమస్య!" అని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే అతన్ని తీసుకొచ్చారు. నా ఎదురు మంచం. నా వయసువాడే, ముప్పై నాలుగు ముప్పై అయిదు ఉంటాయి. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. ఆ పనుల్లో ఎక్కడో ఇనుప దూలం జారి అతని ఎడమ కాలి మీద పడింది. ఒకప్పుడు వాళ్ళకి అక్కడే పొలం ఉండేదట. ఊరు ఫ్యాక్టరీ స్థలంలోకి పోయింది, వీళ్ళంతా కొత్త కాలనీకి మారారు. అతను ఖలాసీ పనిలో కుదిరాడు, అంటే బరువులు కట్టి క్రేనుకి తగిలించే పని. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. వార్డు బాయిలు అతన్ని స్ట్రెచరు మీంచి మంచం మీదికి మారుస్తుంటే, అంత నొప్పిలోనూ అతని చెయ్యి గాలిలో లేచి, అరచేయి నెమ్మదిగా కిందికి ఊపింది. ఆరియా. మెల్లిగా దింపండ్రా అని.

నేను పడుకున్నచోటు నుంచే పిడికిలి బిగించి చూపించాను. ఆగు, ఓర్చుకో అని నా ఉద్దేశం. అతను చూశాడు. చచ్చేంత నొప్పిలో నవ్వాడు.

"హార్బరా బావా?" అన్నాడు.

"హార్బరే."

"మరి ఇక్కడేటి సేత్తన్నావ్?"

చెప్పాను. చీము, గుడ్డ, రబ్బరు గొట్టం, మా ఆవిడ పిడికిలి, అన్నీ. అతను ఓపిగ్గా విని, "నాదే నయం బావా. నాను కనీసం తుమ్మొచ్చు," అన్నాడు. నేను ఆ మంచం ఎక్కాక నవ్వడం అదే మొదలు. నవ్వకూడదని మా ఆవిడ గదమాయించింది.

ఆ మూడు రోజుల సంగతి నేను ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

అతని కాలు నిలబెట్టాలని డాక్టరుగారు గట్టిగా ప్రయత్నిస్తున్నారు. మోకాలి కింద నుజ్జయింది, మోకాలి పైన కూడా ఎముక విరిగింది. పూటకోసారి వచ్చి అతని పాదం పట్టుకుని చూసేవారు, చల్లగా ఉందా, వెచ్చబడిందా అని. రెండో రోజు నా కట్టు మారుస్తూ, తల ఎత్తకుండా, గొంతు తగ్గించి అన్నారు: "ఆ కాలు దక్కకపోతే తొడలోంచే తీసేయాలి. అక్కడ రక్తనాళం మాత్రం శుభ్రంగా ఉంది. గ్రూపు కూడా మీ గ్రూపే."

"అడగండి సార్," అన్నాను.

"నేను అడగను. అతని కాలు తీయాలో వద్దో చెప్పవలసింది నేను. మీ కోసమని అడిగి, తర్వాత కోస్తే, ఎవరి కోసం కోసినట్టు? రేపు అతను నన్ను నమ్మడం అలా ఉంచండి, నన్ను నేనే నమ్మలేను. ఇప్పుడు మీకు చెప్పడం కూడా తప్పే. తీయక తప్పదని తేలేదాకా మీరు నోరెత్తకూడదు. తేలాక అడగాలంటే మీరే అడుక్కోండి."

అలా నన్ను ఆ మాటతో పాటు మంచానికి కట్టేసి వెళ్ళిపోయారు. ఎదురుగా ఆ మనిషి. కళ్ళు తెరిస్తే అతని కాలు. పక్కకి తిరిగి పడుకుందామా అంటే తిరగకూడదు. అతను నాకు కబుర్లు చెప్పేవాడు. వాళ్ళ పాత ఊళ్ళో జీడితోట గురించీ, వాళ్ళమ్మ వండే సేపల పులుసు గురించీ చెప్పేవాడు. నేను ఊ కొడుతూ అతని పాదం వంకే చూస్తుండేవాణ్ణి. నల్లబడుతోందా అని. తాసీల్దారు పొలం కొలతకు వచ్చినట్టు ఆ కాలిని చూశాను.

రెండో రోజు సాయంత్రం డాక్టరుగారు అతని బొటనవేలు పట్టుకుని, "వెచ్చబడింది!" అన్నారు. వార్డంతా సంతోషించింది. పక్క మంచం ముసలాయన చేతులెత్తి దణ్ణం పెట్టాడు. అతని తల్లి కొడుకుని తెచ్చినప్పటి నుంచీ తిండి ముట్టలేదు, ఆమె కూడా అప్పుడు ఒక అరటిపండు ఒలుచుకుంది. అతను నా వైపు చూసి కళ్ళు ఎగరేశాడు. నేను కూడా నవ్వాను. నవ్వుతూనే, దుప్పటి కింద రెండు చేతులూ జోడించి, సింహాచలం అప్పన్నకి మొక్కుకున్నాను. స్వామీ, ఆ కాలు దక్కకూడదు. దక్కకపోతే నీ కొండకి వచ్చి తలనీలాలు ఇచ్చుకుంటాను.

మొక్కిన క్షణంలోనే జోడించిన చేతులు విడదీసేశాను. నా కాలు బాగుపడాలని మొక్కి ఊరుకోవచ్చు కదా, చాలామంది అలాగే మొక్కుతారు. నాకు అంత తెలివి కూడా లేకపోయింది. ఏది కావాలో అదే అడిగాను. భయం పట్టినవాడికి మర్యాద ఉండదని నాకు నా ద్వారానే తెలిసింది.

మర్నాడు పొద్దునకి ఆ పాదం నల్లబడింది.

డాక్టరుగారు అతనికి చెప్పారు, తల్లికి చెప్పారు, తీసేయక తప్పదని. ఆమె గోడకి తల ఆనించుకుని ఏడ్చింది. అతను మాత్రం పైకప్పు చూస్తూ పడుకున్నాడు. అడగవలసిన సమయం వచ్చింది, నాకేమో నోరు పెగలలేదు. పదేళ్ళు ఓడల మీద ఎంతమందిని తిట్టిన నోరది! చివరికి మా ఆవిడే లేచింది. మొదటిసారి ఆ పిడికిలి విప్పి, నన్ను ఒంటరిగా వదిలి, నాలుగడుగులు వేసి అతని మంచం పక్కన నేల మీద కూర్చుంది. చుట్టూ తిప్పకుండా ఉన్నదున్నట్టు చెప్పింది. ఎలాగూ తీసేసే కాలిలోంచి ఒక జానెడు నరం ఇస్తే ఈయన బతుకుతారు, మీకు ఇష్టం లేకపోతే లేదనండి, మేమేమీ అనుకోం అని.

అతను ఆలోచించడానికి కూడా ఆగలేదు. "పారేసేదే గదప్పా. నానేటి సేసుకుంతాను దాన్ని?" అన్నాడు.

తల్లి ఒప్పుకోలేదు. కాలు తీసేస్తే తీసేయండి గానీ ముక్క తగ్గకుండా నా చేతికి ఇవ్వండి, పసుపు గుడ్డలో చుట్టి మట్టి చేసుకుంటాం అంది. వాళ్ళలో పద్ధతి అది. తెగిన అవయవాన్ని కూడా మనిషిని సాగనంపినట్టే సాగనంపాలి, లేకపోతే వచ్చే జన్మకి లోటు వస్తుందని. అతను తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "అమా, పాతేత్తే కుళ్ళిపోద్ది. బావ కాల్లో ఉంటే నడుత్తాది. ఏది నయమో నువ్వే సెప్పు," అన్నాడు. ఆవిడ చెంగు నోట్లో కుక్కుకుని నా వైపు చూసింది. ఆ చూపుని నేను తప్పించుకోలేకపోయాను. ముందే చెప్పాను కదా, పక్కకి తిరగకూడదు.

స్ట్రెచరు మీద అతన్ని తీసుకెళ్తుంటే నా మంచం దగ్గర ఒక్క క్షణం ఆగారు. అతను చూపుడు వేలు పైకెత్తి గిరగిరా తిప్పాడు. హబీస్. ఎత్తుకోమని.

పక్కపక్క గదుల్లో ఒకే పొద్దున జరిగిపోయింది. అక్కడ తీసిన నరాన్ని మందు కలిపిన ఉప్పునీళ్ళలో ఉంచి ఇక్కడికి తెచ్చారట. నా గుడ్డ గొట్టాన్ని పీకి పారేసి, చుట్టూ కుళ్ళిన కండ గీకేసి, దీన్ని కుట్టారు. తెలివి వచ్చేసరికి మా ఆవిడ నా పాదం రెండు చేతులతో పట్టుకుని ఉంది. "వెచ్చగా ఉంది," అంది. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. జ్వరం తగ్గింది, చీము ఆగింది. ఒకరోజు నర్సు వచ్చి రబ్బరు గొట్టం విప్పి తీసుకుపోయింది. ఆ పూట నేను పక్కకి తిరిగి పడుకుని, గోడ చూస్తూ, కడుపారా ఏడ్చాను. మా ఆవిడ సంతోషం అనుకుంది.

కాలిని కొత్త కాలనీ శ్మశానంలో పాతారు. అప్పటికి అక్కడ ఇంకా ఎవరూ పోలేదు. "ఆ సోటికి బోణీ నా కాలే బావా!" అని అతను వార్డంతా చెప్పుకున్నాడు.

బయటికి వచ్చాక నా చెర తీరిందనుకున్నాను. కంట్రాక్టరు నాకు గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చాడు. అతనికి కాలనీ బడిలో కాపలా పని దొరికింది. ప్రతి ఆదివారం చంక కర్రతో బస్సెక్కి మా ఇంటికి వచ్చేవాడు. మా ఆవిణ్ణి "అప్పా" అని, అంటే అక్కా అని పిలిచి, అడిగి మరీ వడ్డించుకుని తినేవాడు. తిన్నాక నా పక్కన చేరి, లుంగీ మీంచే నా తొడ మొదట్లో రెండు వేళ్ళు పెట్టేవాడు. కళ్ళు మూసుకుని కాసేపు చూసి, "నడుత్తంది బావా," అనేవాడు. అతనికి అదొక ముచ్చట. నాకు మాత్రం ఆ రెండు వేళ్ళ కింద ఊపిరాడేది కాదు. ఏ ఆదివారమైనా రాకపోతే బాగుండునని అనుకునేవాణ్ణి, వచ్చేదాకా వీధి గుమ్మంలో నిలబడి ఎదురు చూసేవాణ్ణి. అతన్ని ప్రేమించకుండా ఉండటం నా వల్ల కాలేదు, అతని మొహం చూడటమూ నా వల్ల కాలేదు.

మొక్కు మిగిలి ఉంది. ఏడాది దాటవేశాను. తల దువ్వుకున్నప్పుడల్లా గుర్తొచ్చేది. చివరికి ఒక ఆదివారం, అతను వచ్చే వేళకి ముందే బయటపడదామని బస్టాండులో సింహాచలం బస్సు కోసం నిలబడితే, అప్పుడే వాళ్ళ కాలనీ బస్సు దిగుతూ ఎదురయ్యాడు. "కొండకా? నానూ వత్తాను పద," అన్నాడు. కాదనడానికి కారణం తోచలేదు.

ఇద్దరం మెట్లెక్కే మనుషులం కాదు, బస్సులోనే కొండ మీదికి వెళ్ళాం. కల్యాణకట్టలో నా తల నీళ్ళతో తడిపి కత్తి పెట్టారు. సగం గుండు అయ్యాక, పక్కన గట్టు మీద కూర్చుని చూస్తున్న అతను మామూలుగా అడిగాడు: "ఏటి మొక్కినావ్ బావా?"

ముందే ఆలోచించి పెట్టుకున్న అబద్ధం నోటికి వచ్చేసింది. "నీ కాలు దక్కాలని మొక్కాను రా. ఆసుపత్రిలో ఉన్నప్పుడు."

అతని మొహం వెలిగింది. ఒక్క క్షణం. తర్వాత కనుబొమలు దగ్గరయ్యాయి.

"అది తీరనేదు గదా," అన్నాడు. "తీరని మొక్కుకి జుత్తెందుకు ఇత్తన్నావ్?"

చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి. మొక్కు తీరితేనే చెల్లిస్తారు. నేను ఏడాది పాటు అబద్ధం తయారు చేసుకున్నాను గానీ ఈ ఒక్కటీ ఆలోచించుకోలేదు. కత్తి నెత్తి మీద ఉంది, తల కదపడానికి లేదు. ఆసుపత్రి మంచం మీద ఎలా ఉన్నానో అలాగే ఉన్నాను. మంగలి పని మానలేదు. జుట్టు ముద్దలు ముద్దలుగా ఒళ్ళో పడుతోంది. అతను నన్నే చూస్తున్నాడు. అడగడం లేదు, లెక్క చూసుకుంటున్నాడు. వెచ్చబడిన వేలు, నా నవ్వు, తెల్లారేసరికి నల్లబడ్డ పాదం, ఈ గుండు. ఎక్కడెక్కడ ఏది కలుస్తుందో అతని కళ్ళలో నాకు కనపడుతూనే ఉంది.

"తప్పైపోయింది," అన్నాను.

నా పని అయిపోయింది. నేను లేచాను. అతను చంక కర్ర గోడకి ఆనించి, గట్టు పట్టుకుని జరుగుతూ వచ్చి, నేను లేచిన పీట మీదే కూర్చున్నాడు. తల వంచాడు.

"నువ్వెందుకు రా?" అన్నాను.

మంగలి నీళ్ళు చల్లుతూ, అలవాటు కొద్దీ అడిగాడు: "తమరిది ఏటి మొక్కు బావూ?"

"ఇద్దరిదీ ఒకటే మొక్కు," అన్నాడు. "కాలు నాది గదా. నా జుత్తు కూడా పడాల."

నేను అందరి ముందూ ఆ గుండుతో నిలబడి ఏడ్చాను. దర్శనం చేసుకున్నాం. తిరుగు బస్సులో ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఒకరి మీద ఒకరం ఒరుగుతూ కిందికి దిగుతున్నాం. ఎప్పటిలాగే అతని రెండు వేళ్ళూ వచ్చి నా తొడ మొదట్లో ఆనాయి. నడుత్తంది బావా అంటాడని కాచుక్కూర్చున్నాను. ఆ రోజు ఆ మాట అనలేదు. మా స్టాపు వచ్చేదాకా చెయ్యి మాత్రం తియ్యలేదు.